మోకాళ్ళ దగ్గర అద్దం

మార్చి 6

అక్కకు,

నీ జీపు చేరింది. లారీ మీంచి దింపుతుంటే వెనక చక్రం ఒకటి ఊడి, మా వీధి చివరిదాకా దొర్లుకుంటూ పోయింది. మిగతా బండికంటే అదే నయం, కదిలింది అన్నాడు వెల్డరు.

వెల్డరూ టైలరూ నీకు తెలీదు. పంపుహౌసులో నా ఉద్యోగం అయిపోయాక పరిచయమయ్యారు. ముగ్గురం కలిసి పాత జీపులు బాగుచేస్తాం. వెల్డరు రేకు పని చూస్తాడు. టైలరు సీట్లూ పైకప్పు గుడ్డా కుడతాడు. ఇంజను నాది. ఇప్పటికి రెండు బళ్ళు లేపాం. ఎవరికోసం అంటే ఎవరికోసమూ కాదు. ఊరికే కూచోలేక.

మా దగ్గర ఒక పుస్తకం ఉంది. కంపెనీవాళ్ళు అప్పట్లో బండితోపాటు ఇచ్చింది. ప్రతి నట్టుకీ అందులో బొమ్మ ఉంటుంది. మా పద్ధతి ఒకటే. పుస్తకంలో ఉన్నదే బండి మీద ఉండాలి. లేనిది విప్పేసి, చీటీ కట్టి, గోనెసంచిలో వేసేస్తాం.

నేల రేకు మొత్తం తుప్పు. వేలు పెడితే ఎండుటాకులా విరిగింది. ఇంజను మాత్రం గట్టిది. బావ చెయ్యి పడ్డ ఇంజను.

చలికి ముందే కన్ను ఆపరేషను చేయించాలని డాక్టరు అన్నాడని రాశావు. ఆలస్యమైతే తన చేతుల్లో ఉండదన్నాడటగా. బస్సు ఎక్కనన్నావు, కారు వద్దన్నావు. ఈ జీపైతే వస్తానన్నావు. సెప్టెంబరు దాటకుండా లేపుతాం.

రంగు ఏది వెయ్యాలో రాయి.

తమ్ముడు


మార్చి 19

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదవడానికి రెండు పొద్దుటి ఎండలు పట్టాయి. చిన్నప్పటినుంచీ అంతే నువ్వు, అక్షరాలు చీమల్లా రాస్తావు, అడిగితే సిరా ఆదా అంటావు. పెద్దగా రాయి. ఎడమ కంటికి ఏమీ ఆనడం లేదు. కుడిది పొగలో దీపంలా ఉంది. నిన్న వంటింట్లో పిల్లి అనుకుని చేటని అదిలించాను. అది కదల్లేదు. దానికెంత పొగరో అనుకున్నా.

రంగు ఉన్నదే వెయ్యి. మీ బావ వేసిన ఆకుపచ్చ. పశువుల డాక్టరు బండి ఆవులు బెదరని రంగులో ఉండాలనేవారు. ఆవులకి రంగులేం తెలుస్తాయండీ అంటే, నీకు తెలుస్తాయిగా అనేవారు. అది పొగడ్తో తిట్టో నలభై ఏళ్ళు ఆలోచించాను. తేల్లేదు.

బస్సు ఎందుకెక్కనని మళ్ళీ అడిగావు. ఆయన పోయింది మంచంమీదే, బండిలో కాదు, అయినా ఈ మూడేళ్ళలో నేను గేటు దాటి ఏ బండీ ఎక్కలేదు. నా భయం చక్రాలంటే కాదురా. ఎవడి చేతిలోనో ప్రాణం పెట్టి మూటలా కూచోవడం నా వల్ల కాదు. బస్సులో నా కాలు ఏం చేస్తుంది చెప్పు? ఆ జీపులో అయితే నా భయం నా కాలి కింద ఉంటుంది. అందుకే ఒప్పుకున్నాను. దాన్ని మరీ కొత్త పెళ్ళికూతుర్ని చెయ్యకు. నడిస్తే చాలు.

మీ అక్క


ఏప్రిల్ 11

అక్కకు,

అక్షరాలు పెద్దవి చేశాను. కాగితం ఎక్కువ పడుతోంది. మాటలు తగ్గించాను.

కాలి సంగతి రాశావు. నాకు అర్థం కాలేదు. కాలు నొప్పిగా ఉందా? సీటు ఎత్తు పెంచమంటావా? టైలరు దూది ఎంతైనా పెడతానన్నాడు.

పుస్తకంలో లేనివి పదకొండు దొరికాయి. బస్సు హారను ఒకటి. సంచి తగిలించే కొక్కెం. వెనక దూడని కట్టే గొలుసు. పక్క సీటు ముందు కాలు ఆనించుకునే పలక. పైన వేలాడే లాంతరు. ఇంకా చిల్లర. అన్నీ సంచిలో వేశాం.

ఒకటి మాత్రం ఎందుకో తెలీలేదు. ఒక అద్దం. అరచెయ్యంత ఉంది. స్టీరింగు కింద, లోపలగా, డ్రైవరు మోకాళ్ళ దగ్గర రెండు మరలతో బిగించి ఉంది. వెనక వచ్చే బళ్ళు చూడటానికి కాదు. కిందకి తిప్పి ఉంది. పాములు దూరితే చూడటానికి అన్నాడు వెల్డరు. డాక్టరుగారు పడుకుని గడ్డం గీసుకునేవారేమో అన్నాడు టైలరు. ముగ్గురం రెండు రోజులు పని మానేసి దాన్నే చూశాం.

అది దేనికో నీకు తెలిసే ఉంటుంది. రాయి.

తమ్ముడు


ఏప్రిల్ 20

ఒరే తమ్ముడూ,

నా కాలికేం? దిట్టంగా ఉంది. నీ నోట్లోంచి మాట ఊడిపడదు కానీ లేనిపోని జబ్బులు మాత్రం అంటగడతావు.

అద్దమేంటి? నలభై ఏళ్ళు ఒళ్ళో మందుల పెట్టె పెట్టుకుని ఆ బండిలో కూచున్నాను, ఏ అద్దమూ చూళ్ళేదు. స్టీరింగు కింద లోపలగా అంటున్నావు, అంటే నాకు కనపడకుండా పెట్టారన్నమాట. నాకు కనపడకుండా ఆయనకేం కనపడాలి? ఆయన తలదువ్వుకోడానికి కూడా అద్దం చూసేవారు కాదు, నేనే పాపిడి తీసేదాన్ని.

నువ్వు సరిగ్గా చూసి రాయి. అది ఎటు తిరిగి ఉంది? అందులో ఏం కనిపిస్తుంది? ఊహలొద్దు. నువ్వే కూచుని చూసి రాయి.

మీ అక్క


మే 2

అక్కకు,

అద్దం మళ్ళీ దాని మరలకే బిగించి చూశాను. డ్రైవరు సీటులో కూచున్నాను. టైలర్ని పక్కన కూచోబెట్టాను.

పక్క సీటు నేల కనిపిస్తుంది. అక్కడ కూచున్నవాళ్ళ రెండు పాదాలు కనిపిస్తాయి. ఇంకేమీ కనిపించదు. టైలరు చెప్పు తెగి ఉందని అప్పుడే తెలిసింది.

టైలరు నవ్వి ఒక మాట అన్నాడు. అది రాయను.

ప్రైమరు వేశాం. గేరు బాక్సు విప్పాను.

తమ్ముడు


మే 9

తమ్ముడూ,

రెండు పాదాలు! టైలరు అన్న మాట నువ్వు రాయక్కర్లేదు. నాకు ఇక్కడికే వినిపించింది.

నాకు నడుం పట్టేసి మంచమెక్కిన ఏడు ఒకటుంది. నీకు గుర్తుండదు. ఆ ఏడంతా టీకాల నర్సుని బండెక్కించుకుని తిరిగారు. ఆవిడవి తెల్లటి పాదాలు, ఎర్ర పట్టీ చెప్పులు. మా ఇంటి గుమ్మంలో ఆ చెప్పులు విడిస్తే నేను మంచంమీంచి చూస్తూ, ఎంత బాగున్నాయీ అని నోరారా మెచ్చుకున్నాను కూడాను. పిచ్చిదాన్ని. నేను మంచాన పడి మూలుగుతుంటే, ఈయన అద్దం బిగించుకుని పాదాలు చూస్తూ కొండలన్నీ తిరిగారన్నమాట. ఎదర లోయ, పక్కన పాదాలు!

నిన్న ఆయన ఫొటో గోడవైపు తిప్పాను. మళ్ళీ జాలేసి సగం ఇటు తిప్పాను. ఇప్పుడు ఆయన కిటికీ చూస్తున్నారు.

పని ఆపెయ్యి. బండి ఎవరికైనా ఇచ్చెయ్యి. నేను దాన్లో కూచోను. కన్నంటావా, పోతే పోనీ. చూసి ఉద్ధరించింది చాలు.

అక్క


మే 30

అక్కకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాశాను. రెండు చింపాను.

బండి ఎవరికీ ఇవ్వను. డాక్టరు దగ్గర అక్టోబరు నాలుగుకి రాయించాను. నువ్వు రాకపోతే నీ కన్ను ఉండదు. అది ఒక్కటే నాకు అర్థమైంది. మిగతావి ఏవీ అర్థం కాలేదు.

వాకబు చేస్తే తెలిసింది, ఆ నర్సమ్మ ఇప్పుడు మా ఊళ్ళోనే ఉంటోంది, మందుల షాపు పైన. నేను ఆడవాళ్ళ ఇంటికి ఒక్కణ్ణే వెళ్ళి ఏదీ అడిగినవాణ్ణి కాదు. తెలుసుగా. మెట్లెక్కి రెండుసార్లు దిగొచ్చాను. మూడోసారి ఆవిడే కిటికీలోంచి చూసి, ఏవయ్యా, ఎక్కుతావా దిగుతావా అంది.

ఆవిడకిప్పుడు ఎనభై. అడిగాను. అద్దం సంగతి చెప్పలేదు, సిగ్గేసింది. జీపులో ఎక్కడ కూచునేవారండీ అని మాత్రం అడిగాను. ఆవిడ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ఎక్కడేంటయ్యా, వెనక! దూడతోపాటు. ఏడాదంతా నా చీరకి పేడ వాసనే. ముందు సీటులో డాక్టరుగారు మందుల పెట్టె పెట్టేవారు. ఖాళీగా ఉంది కదండీ కూచుంటానంటే ఒప్పుకునేవారు కాదు. అది మా ఆవిడ సీటు, అక్కడ ఆవిడ బ్రేకు ఉంది, నువ్వు తొక్కితే బండి ఆగిపోతుంది అనేవారు. నేను నవ్వాను. కోప్పడ్డారు."

అక్కా, నీ బ్రేకేంటి? పక్క సీటుకి బ్రేకు ఉండదు. పుస్తకంలో లేదు.

తమ్ముడు


జూన్ 12

ఒరే తమ్ముడూ,

దూడతోపాటా! పాపం. ఆ మాట చదివి చాలాసేపు నవ్వాను, తర్వాత నిజంగానే పాపం అనిపించింది. ఆయన ఫొటో సరిగ్గా తిప్పాను. మరి అద్దం దేనికంటే మాత్రం నాకు తెలీదు. అది పక్కన పెట్టు. నువ్వు అడిగినదాని సంగతి ముందు తేల్చు.

నా బ్రేకేంటి అని అడుగుతావేంట్రా? నీ ఎదురుగా లేదూ?

పెళ్ళయిన రెండో ఏడు జీపు వచ్చింది. కొండ దిగుతుంటే నేను నేలని కాలితో తన్ని పట్టి, ఆపండీ ఆపండీ అని అరిచేదాన్ని. ఒకరోజు ఆయన, నీ అరుపుకి పశువులు పాలివ్వడం మానేస్తున్నాయి, నీకూ ఒక బ్రేకు పెట్టిస్తాలే అన్నారు. మధ్యాహ్నమంతా షెడ్డులో టంగుటంగుమని కొట్టుకుని, సాయంత్రానికి పెట్టేశారు. నా సీటు ముందు, నేలమీద. తొక్కి చూడు అన్నారు. తొక్కాను. బండి మెల్లగా ఆగింది. ఆ రోజునుంచి నేను అరవలేదు. భయమేస్తే తొక్కేదాన్ని. ఆగేది.

మంచు కమ్మిన రోజు ఒకటుంది, పెద్ద మలుపులో. ఎదర రోడ్డు తెగిపోయి ఉంది. ఆయనకంటే ముందు నాకు కనిపించింది. అరవడానికి నోరు రాలేదు, తొక్కాను. ముందు చక్రానికీ లోయకీ మధ్య రెండు బెత్తెలు. నేనే ఆపాను. చుట్టాలందరికీ చెప్పుకున్నాను. ఆయన పక్కనే కూచుని, అవునవును, ఈవిడే ఆపింది అని తలూపేవారు.

అది ఉంటేనే ఎక్కుతానురా. లేకపోతే నువ్వు దేవుడి రథం తెచ్చినా ఎక్కను. ఉందా, లేదా? ఒక్క మాటలో రాయి.

మీ అక్క


జూన్ 21
(పోస్టు చెయ్యలేదు)

అక్కకు,

ఒక్క మాటలో రాయమన్నావు. ఒక్క మాటలో కుదరదు.

సంచి బోర్లించాం. చీటీ నా చేత్తోనే రాసి ఉంది: "కాలు ఆనించుకునే పలక. పుస్తకంలో లేదు." దాని రబ్బరు మధ్యలో నున్నగా అరిగి గుంట పడింది. నీ మడమంత గుంట. ఆ గుంటైనా చూడకుండా సంచిలో వేశాను. మన్నించు.

అది బ్రేకు కాదక్కా. దాని వెనక గొట్టం లేదు. తీగ లేదు. కింద ఒక స్ప్రింగు, రెండు బోల్టులు, అంతే. పాత నేల రేకు తుక్కులోంచి వెతికి తెచ్చాం. దాన్లో బోల్టులకి తప్ప ఇంకే చిల్లూ లేదు. బ్రేకు గొట్టాలన్నీ నేనే విప్పాను. ఎక్కడా అతుకు లేదు. బావ దాన్ని దేనికీ కలపలేదు. మరి నువ్వు తొక్కితే ఎలా ఆగింది? ముగ్గురికీ అంతుపట్టలేదు.

బావ నీకు అబద్ధం చెప్పాడని నేనెలా రాయను? మలుపులో నువ్వే ఆపానని చుట్టాలందరికీ చెప్పుకున్నావు.

లేదని చెప్పడంకంటే పెట్టెయ్యడం తేలిక అన్నాడు వెల్డరు. డ్రైవింగు నేర్పే కార్లలో పక్కవాడికీ బ్రేకు ఉంటుంది. అలాగే ఒక ఇనప రాడ్డు వేసి నా పెడలుకి కలిపేస్తానన్నాడు. సరే అన్నాను.

ఇది నీకు పంపను.

తమ్ముడు


జూన్ 25

అక్కకు,

ఉంది.

రబ్బరు కొత్తది వేశాం.

తమ్ముడు


అక్టోబరు 23

ఒరే తమ్ముడూ,

కట్టు విప్పారు. ఇది నేనే రాస్తున్నాను, నేనే చదువుకుంటున్నాను. గోడకి ఇన్ని మరకలున్నాయని ఎవరూ చెప్పలేదు. నీ పాత ఉత్తరాలు కూడా మళ్ళీ చదివాను. నీ అక్షరాలు మరీ చీమల్లా ఏం లేవు. ఆ నేరం నా కంటిదే.

ఆసుపత్రిలో అయిదు రోజులు నువ్వు బయట బెంచీమీద, నేను లోపల. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. నువ్వు ఎలాగూ ఎత్తవు. నేను ఎత్తకపోవడం వింత కదూ? ఇప్పుడు ఎత్తుతున్నాను.

వెళ్ళేటప్పుడు పెద్ద మలుపు దగ్గర ఎప్పటిలాగే తొక్కాను. బండి గోడకి కొట్టినట్టు ఆగింది. నా తల బండి ముందద్దానికి ఇంచు దూరంలో ఆగింది. వెనక టైలరు టీ ఫ్లాస్కుతో సహా కిందపడ్డాడు. బాబోయ్ నేను దిగి నడిచొస్తా అన్నాడు. నువ్వు తెల్లబోయి నావైపు చూశావు. వెల్డరు మాత్రం వెనకనుంచి, చూశారా ఎంత బాగా పనిచేస్తోందో అన్నాడు.

అప్పుడే తెలిసింది. నలభై ఏళ్ళలో నా బ్రేకు ఎన్నడూ అలా ఆగలేదు. మెల్లగా ఆగేది. ఏంటమ్మా, భయమేసిందా అని అడిగినట్టు ఆగేది. ఆ తర్వాత దారంతా కాళ్ళు సీటు మీదికి ముడుచుకుని కూచున్నాను. నువ్వు చూశావు.

నువ్వు పెట్టింది నీ బ్రేకు. ఆయన పెట్టింది ఏంటి? అది దేనికి కలిపి ఉండేది? నిజం చెప్పు. చెప్తేనే రెండో కంటికి వస్తాను. డిసెంబరులో రమ్మన్నాడు డాక్టరు.

మీ అక్క


నవంబరు 2

అక్కకు,

జూన్ లో రాసి పంపని ఉత్తరం ఇందులో పెట్టాను. అదే నిజం.

అది దేనికీ కలిపి లేదు.

బావని ఏమీ అనకు. నన్ను అను.

తమ్ముడు


నవంబరు 14

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మొదట కోపమొచ్చింది. నలభై ఏళ్ళు చంటిపిల్లకి గిలక్కాయ ఇచ్చినట్టు ఇచ్చారా అని. మళ్ళీ ఫొటో తిప్పుదామని లేచాను. చెయ్యి వేశాక ఒక సంగతి తట్టి ఆగిపోయాను.

గిలక్కాయ అయితే బండి ఎందుకు ఆగింది? ఒకసారా, రెండుసార్లా? నేను తొక్కినప్పుడల్లా ఆగింది. అరవకుండా, చెప్పకుండా, ఊరికే తొక్కితే ఆగింది. ఆయనకెలా తెలిసేది?

నువ్వే రాశావు కదరా, మే నెలలో. పక్కన కూచున్నవాళ్ళ రెండు పాదాలు కనిపిస్తాయని.

అవి నావేరా.

నా కాలు కదిలితే ఆయన కాలు కదిలేది. నువ్వు రేకులన్నీ తిరగేసి వెతికావే తీగ, అది అద్దంలోంచి పోయింది. ఆ నర్సమ్మని అన్న మాటలకి నా నోరు కడుక్కోవాలి. ఈసారి వచ్చినప్పుడు నన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళు. మెట్లు నేను ఒక్కసారే ఎక్కుతాను, నీలాగా కాదు.

మలుపులో ఆ రోజు నేనే ఆపాను. ఆ మాట వెనక్కి తీసుకోను. మధ్యలో ఆయన ఉన్నారు, అంతే.

వెల్డరు వేసిన రాడ్డు విప్పించు. అతనికి కోపమొస్తే నామీద చెప్పు. నా పలకకి పాత రబ్బరే వెయ్యి, గుంట ఉన్నది. అద్దం దాని చోట బిగించు, నీ ఎత్తుకి తిప్పుకో. ఇవి చేస్తే డిసెంబరు ఎనిమిదికి గేటు దగ్గర సంచితో నిలబడి ఉంటాను.

నేను తొక్కుతాను. నువ్వు చూడు.

మీ అక్క


నవంబరు 22

అక్కకు,

రాడ్డు విప్పాం. వెల్డరు అలిగి ఒక పూట పనికి రాలేదు. తర్వాత నీ ఉత్తరం చదివి వినిపించాను. అప్పుడు సంచిలోంచి పాత రబ్బరు తనే వెతికి తెచ్చాడు.

పాత రబ్బరు వేశాను. అద్దం బిగించాను. పుస్తకంలో ఆ పేజీ తీసి, స్టీరింగు కింద పెన్సిలుతో అద్దం బొమ్మ గీశాను. ఇప్పుడు పుస్తకంలో ఉంది.

నిన్న టైలర్ని పక్కన కూచోబెట్టి బజారుదాకా నడిపాను. అతను పలక తొక్కితే నేను ఆపాలి. నాలుగుసార్లు తొక్కాడు. మూడుసార్లు ఆపాను. నాలుగోసారి కూరల బండికి తగిలించాను. దెబ్బలేం లేవు. వంకాయలు ఏరిచ్చాం.

ఒకటి అర్థం కావడం లేదక్కా. రోడ్డు చూస్తే నీ కాలు కనిపించదు. నీ కాలు చూస్తే రోడ్డు కనిపించదు. బావ నలభై ఏళ్ళు రెండూ ఎలా చూశాడు?

ఎనిమిదికి వస్తాను. నెమ్మదిగా నడుపుతాను. నువ్వు ఎర్ర చెప్పులు వేసుకో, బాగా కనిపిస్తాయి.

తమ్ముడు